బొటనవేలి నుంచి మోకాళ్లలోకి: వీడియో గేమ్ యానిమేషన్ సినిమాగా మారేటప్పుడు

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీలో ముగ్గురో నలుగురో లేచి నిలబడి, ఉన్నచోటే ఒక్క గెంతు గెంతండి. మిగతావాళ్లు వాళ్ల మోకాళ్లనే చూడండి.

(సభలో నలుగురు లేచి గెంతారు.)

చూశారు కదా. పైకి లేవాలనుకున్న ప్రతి ఒక్కరూ ముందు కిందికి వంగారు. చేతులు వెనక్కి పోయాయి, ఊపిరి బిగబట్టారు, ఆ తర్వాతే కాళ్లు నేలను వదిలాయి. మా యానిమేషన్ పనిలో దీన్ని యాంటిసిపేషన్ అంటాం. డిస్నీ స్టూడియోలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో రాసిపెట్టిన పన్నెండు సూత్రాల్లో ఇదొకటి. మనం తెలుగులో చక్కగా ‘ఊపు తీసుకోవడం’ అంటాం. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఈ ఊపు గురించే.

నేను చాలా ఏళ్లు సినిమాలకు బొమ్మలు ఆడించాను. తర్వాత ఒక గేమ్ కోసం పనిచేసే అవకాశం వచ్చింది. మొదటి వారం నాకు ఇచ్చిన పని ఒక్కటే: హీరో గెంతాలి. నాకు బాగా వచ్చిన పనే కదా అని కూర్చుని ఎనిమిది ఫ్రేముల ఊపు పెట్టాను. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. అంటే సెకనులో మూడో వంతు సేపు వాడు వంగి, బలం కూడగట్టుకుని లేస్తాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. గేమ్ డిజైనర్ కంట్రోలర్ పట్టుకుని రెండుసార్లు బటన్ నొక్కి, దాన్ని బల్ల మీద పెట్టేసి అన్నాడు: ‘బటన్ నొక్కితే వీడు ఆలోచించుకుంటున్నాడండీ.’

ఎనిమిది ఫ్రేములను నాలుగు చేశాను. ఇంకా బరువుగా ఉందన్నాడు. రెండు చేశాను. చివరికి ఊపు మొత్తం తీసేశాను. బటన్ నొక్కిన మరుక్షణం వాడు గాల్లో ఉంటాడు. నా స్క్రీన్ మీద చూస్తే ఎవరో దారం కట్టి పైకి లాగినట్టు ప్రాణం లేకుండా ఉంది. అదే కంట్రోలర్ చేతిలోకి తీసుకుని ఆడితే మాత్రం నా కాలే లేచినంత తేలిగ్గా ఉంది. ఒకే కదలిక. కళ్లకు చచ్చినట్టు ఉంది, చేతికి బతికినట్టు ఉంది. రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత అర్థమైంది. ఊపు ఎక్కడికీ పోలేదు. అది ఆడేవాడి బొటనవేలిలోకి వెళ్లింది. గుంట దగ్గరికొస్తుంటే వేలు బటన్ మీద బిగుసుకుంటుంది, ‘ఇప్పుడా, ఇంకాస్త ఆగాలా’ అని మనసు లెక్క వేసుకుంటుంది, భుజాలు కూడా తెలియకుండానే పైకి లేస్తాయి. బొమ్మ చేయాల్సిన సన్నాహమంతా మనిషి చేసేశాడు. ఇంక బొమ్మ కూడా చేస్తే ఒకే పని రెండుసార్లు జరిగినట్టు ఉంటుంది. అందుకే బరువనిపిస్తుంది.

ఇప్పుడు ఆ గేమ్‌ను సినిమాగా తీయాలి అనుకోండి. థియేటర్‌లో కూర్చున్నవాడి చేతిలో కంట్రోలర్ ఉండదు. అతని బొటనవేలికి పని లేదు. మరి ఇన్నాళ్లూ ఆ వేలు మోసిన ఊపు, భయం, లెక్క, పట్టుదల, అదంతా ఎక్కడికి పోవాలి? పాత్ర మోకాళ్లలోకి రావాలి. పాత్ర ముఖంలోకి రావాలి. గేమ్‌ను సినిమాగా మార్చడం అంటే నా దృష్టిలో ప్రధానంగా ఈ బదిలీయే. ఇది జరిగిన సినిమా నిలబడింది. జరగని సినిమా, ఎంత డబ్బు పోసినా, పడిపోయింది.

మారియోతో చెప్తాను. మీ అందరికీ తెలిసినవాడు, పైగా ఈ బదిలీ కష్టం అతని విషయంలో చాలా ఎక్కువ. 1981లో ‘డాంకీ కాంగ్’ అనే ఆర్కేడ్ గేమ్‌లో అతను మొదటిసారి కనిపించాడు. అప్పటికి మారియో అన్న పేరు కూడా లేదు, జంప్‌మ్యాన్ అన్నారు. గెంతేవాడు, అంతే. అతన్ని గీసిన షిగేరు మియామోతో దగ్గర ఉన్నది వేళ్లతో లెక్కపెట్టగలిగినన్ని చుక్కలు. అంత తక్కువ పిక్సెళ్లలో నోరు గీయలేరు కాబట్టి మీసం పెట్టారు. గెంతేటప్పుడు జుట్టు కదిలించలేరు కాబట్టి టోపీ పెట్టారు. చేతులు ఊగడం కనపడాలి కాబట్టి ఒంటికి ఒక రంగు, చేతులకు ఒక రంగు వచ్చేలా ఓవరాల్స్ తొడిగారు. ఈ రోజు ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ముఖంలో సగం, గీయడానికి వీల్లేక వదిలేసిన భాగాలే.

1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోలో సుమారు వందో వంతు. పైన కనపడే మబ్బు, కింద కనపడే పొద, రెండూ ఒకే బొమ్మ. ఒకదానికి తెలుపు వేశారు, ఒకదానికి ఆకుపచ్చ వేశారు. గూంబా అనే ఆ గోధుమరంగు జీవి నడుస్తున్నట్టు కనపడుతుంది కదా, దానికి ఉన్నది ఒక్క బొమ్మే. దాన్ని ఎడమ కుడి తిప్పుతూ ఉంటారు, మన కంటికి అడుగులు వేసినట్టు ఉంటుంది. ఒక్క బొమ్మతో నడక పుట్టించినవాళ్లకు నేను దణ్ణం పెడతాను.

అయితే ఇంత పొదుపులోనూ వాళ్లు గెంతు విషయంలో పిసినారితనం చూపించలేదు. బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత ఎత్తుకు లేస్తాడు. గాల్లో ఉండగానే ముందుకూ వెనక్కీ జరపొచ్చు. లోకంలో ఎవరికీ సాధ్యం కాని పని అది. కానీ చేతికి ఎంత సహజంగా ఉంటుందంటే, ఆడినవాళ్లకు అది వింత అని కూడా తట్టదు.

ఆ గేమ్ మొదటి అర నిమిషాన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. మారియో ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపు అంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేస్తే ఎదురుగా గూంబా వస్తుంది. తగిలితే చచ్చిపోతారు. మళ్లీ మొదటి నుంచి. ఈసారి గెంతుతారు. గెంతితే పైన ప్రశ్న గుర్తు ఉన్న పెట్టెకు తల తగిలే అవకాశం ఉంది. తగిలితే పుట్టగొడుగు బయటికొస్తుంది. అది కుడివైపు జారిపోయి, గొట్టానికి కొట్టుకుని మీవైపే తిరిగి వస్తుంది. ఇప్పుడే గూంబా చేతిలో చచ్చారు కాబట్టి మీకు భయం. తప్పించుకుందామని గెంతితే పైన ఇటుకల కప్పు తగిలి మళ్లీ కిందికే పడతారు. పుట్టగొడుగు మీకు తగులుతుంది. చావకపోగా పెద్దవాళ్లవుతారు. ఒక్క అక్షరం రాయకుండా, ఒక్క మాట చెప్పకుండా నేర్పిన పాఠం ఇది. మియామోతో, ఆయనతో కలిసి పనిచేసిన తకాషి తెజుకా దీన్ని తర్వాత స్వయంగా విడమరచి చెప్పారు కూడా.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పాఠం నేర్చుకున్నది ఎవరు? మీరు. మారియో ఏమీ నేర్చుకోలేదు. అతను చచ్చి మళ్లీ పుట్టినప్పుడు గూంబా గురించి అతనికేమీ గుర్తుండదు. జ్ఞాపకం మీది, భయం మీది, పంతం మీది. మారియో ఒక చేతి తొడుగు లాంటివాడు. మీ చెయ్యి లోపలికి వెళ్తేనే కదులుతాడు. నలభై ఏళ్లుగా ఇంతమంది అతన్ని ప్రేమించారంటే, ఆ తొడుగులో ఎవరి చెయ్యి వాళ్లకు సరిపోయింది కాబట్టే.

చెయ్యి తీసేసిన తొడుగుతో సినిమా ఎలా తీస్తారు?

జపాన్‌లో 1986లోనే గంట నిడివి యానిమే ఒకటి వచ్చింది. ఆ తర్వాత 1993లో హాలీవుడ్ మనుషులతో తీసిన సినిమా వచ్చింది. బాబ్ హాస్కిన్స్ మారియో, డెనిస్ హాపర్ విలన్. అది డబ్బు పోగొట్టుకుంది, గేమ్‌ను ప్రేమించినవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు. ఆ దెబ్బతో మారియో గేములు తయారుచేసే కంపెనీ నిన్‌టెండో చాలా ఏళ్లు మారియోను సినిమా గడప తొక్కనివ్వలేదు. 2018లో ఇల్యూమినేషన్ స్టూడియోతో కలిసి యానిమేషన్ సినిమా తీస్తామని ప్రకటించినప్పుడు నిర్మాతల్లో ఒకరు ఇల్యూమినేషన్ అధినేత క్రిస్ మెలదాండ్రి, రెండోవారు స్వయంగా మియామోతో. తొడుగు కుట్టినాయనే పక్కన కూర్చున్నాడన్నమాట. ఆరన్ హార్వాత్, మైకేల్ జెలెనిక్ దర్శకులు. యానిమేషన్ పని ప్యారిస్‌లో జరిగింది. 2023 ఏప్రిల్‌లో విడుదలై ప్రపంచవ్యాప్తంగా సుమారు 136 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ ఏడాది దాన్ని దాటిన సినిమా ‘బార్బీ’ ఒక్కటే.

వసూళ్ల సంగతి అలా ఉంచి, బదిలీ ఎలా చేశారో చూద్దాం. సినిమా మొదట్లో మారియో, అతని తమ్ముడు లూయిజీ ప్లంబింగ్ పనికి బయల్దేరతారు, వ్యాన్ మొరాయిస్తుంది. కట్టడం జరుగుతున్న స్థలం గుండా పరుగు తీస్తారు. కెమెరా పక్కనుంచి వాళ్లతో పాటే సాగుతుంది, సరిగ్గా ఆ పాత గేమ్‌లో లాగా. దూకుతారు, ఎక్కుతారు, జారతారు. గేమ్ ఆడినవాళ్లకు ఒంట్లో ఏదో కదులుతుంది. కానీ ఒక్కో గెంతుకు ముందు మారియో మోకాళ్లను చూడండి. వంగుతున్నాయి. దిగినప్పుడు పాదాలు బరువు తీసుకుంటున్నాయి. గేమ్‌లో ఎప్పుడూ లేనివి ఇవి. దారి గేమ్‌ది, ఒళ్లు సినిమాది.

ఆ తర్వాత పుట్టగొడుగు. గేమ్‌లో తగిలితే చాలు, పెరుగుతాడు. రుచి లేదు, నమలడం లేదు. సినిమా రచయిత మ్యాథ్యూ ఫోగెల్ ఆ కథలో మారియోకు పుట్టగొడుగులంటే పడవని పెట్టాడు. ఇంట్లో భోజనం బల్ల దగ్గర వాటిని పక్కకు నెట్టేస్తాడు. తీరా వెళ్లి పడింది పుట్టగొడుగుల రాజ్యంలో, బలం రావాలంటే వాటినే నోట్లో పెట్టుకోవాలి. చిన్న ఉపాయమే, కానీ నాకు చాలా నచ్చింది. గేమ్‌లో ఆ పుట్టగొడుగు మొదటిసారి మనవైపు జారుకుంటూ వచ్చినప్పుడు మనకు కలిగిన జంకు ఉంది చూడండి, ‘ఇది నన్ను ఏం చేస్తుందో’ అని, ఆ జంకునే తెచ్చి మారియో నాలుక మీద పెట్టారు.

అన్నిటికంటే ముఖ్యమైనది శిక్షణ సన్నివేశం. గాల్లో తేలే ఇటుకలు, నోళ్లు తెరిచి పట్టుకునే మొక్కలు, గుంటలు. ఆ రాజ్యపు యువరాణి పీచ్ ఒక్క ఊపులో దాటి చూపిస్తుంది. మారియో మొదలుపెడతాడు, పడతాడు. లేస్తాడు, మళ్లీ పడతాడు. ఎక్కడికక్కడ దెబ్బ తింటాడు. అలా పడుతూనే ఉంటాడు. నేను మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఎందుకంటే ముప్ఫై ఏళ్లుగా ఆ పడటం నాది. ఆ గుంటలో ఎన్నిసార్లు పడ్డానో నాకు గుర్తుంది, మారియోకు గుర్తులేదు. మొదటిసారి అతనికి కూడా గుర్తుంటోంది. ఒక్కో ఓటమితో అతని ముఖంలో ఏదో గట్టిపడుతోంది. నా పట్టుదల నా బొటనవేలిలోంచి తీసి అతని దవడలో పెట్టారు. తర్వాత డాంకీ కాంగ్ అనే గొరిల్లాతో పోరులో చావు దెబ్బలు తింటూ కూడా లేచి నిలబడతాడే, ఆ లేవడం మనకు నమ్మశక్యంగా ఉందంటే ఈ శిక్షణ సన్నివేశం పుణ్యమే.

(సభలోంచి ఒకరు: విమర్శకులు కథ లేదన్నారు కదండీ?)

అన్నారు. అందులో సగం నేను ఒప్పుకుంటాను. తొంభై రెండు నిమిషాల సినిమా, ఎక్కడా ఊపిరి పీల్చుకోనివ్వదు. ఒక లోకం కళ్లకు అలవాటు పడేలోపు ఇంకో లోకంలోకి తోసేస్తుంది. మనం మాట్లాడుకున్న ఊపు ఒక్క గెంతుకే సరిపోదు. సన్నివేశానికీ కావాలి. పెద్ద పోరాటానికి ముందు ఒక నిశ్శబ్దం ఉండాలి, అదే సన్నివేశానికి మోకాళ్లు వంగడం. ఈ సినిమాలో అది చాలాచోట్ల లేదు. ఇంకో బాధ పాటలు. గేమ్‌కు కోజి కోండో కట్టిన బాణీలు ఉన్నాయి, వాటిని బ్రయన్ టైలర్ ఆర్కెస్ట్రాతో ఎంతో ప్రేమగా అల్లాడు. అలాంటిది మధ్యమధ్య బాగా పేరున్న పాత పాప్ పాటలు వేశారు. వాటి అవసరం నాకు కనపడలేదు.

కానీ కథ లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. కథ ఉంది, లూయిజీలో ఉంది. లూయిజీ ఎవరో గుర్తు చేసుకోండి. 1983 నాటి ‘మారియో బ్రదర్స్’ గేమ్‌లో రెండో ఆటగాడి కోసం అతన్ని పుట్టించారు. మారియో బొమ్మకే రంగులు మార్చారు. 1985 గేమ్‌లో ఇద్దరూ కలిసి ఆడే వీలు లేదు. మొదటివాడు చచ్చేదాకా రెండోవాడు కంట్రోలర్ పట్టుకుని పక్కన కూర్చోవాలి. మీలో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే చెప్పక్కర్లేదు, ఆ ఎదురుచూపు ఎంత పొడుగో. అన్నయ్య చావడు, నీ వంతు రాదు.

ఇప్పుడు సినిమా చూడండి. పాత గేమ్‌లో బందీ అయ్యేది యువరాణి. సినిమాలో ఆమెను నాయకురాలిని చేసి, లావా పైన వేలాడే బోనులో లూయిజీని పెట్టారు. అన్న వచ్చేదాకా అతను చేయగలిగింది ఎదురుచూడటమే. రెండో కంట్రోలర్ పట్టుకున్నవాడి బతుకంతా ఆ బోనులో ఉంది. చివర్లో మంటలు ముంచుకొస్తుంటే మ్యాన్‌హోల్ మూత డాలుగా పట్టుకుని అన్నకు అడ్డం నిలబడేది లూయిజీయే. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒకే నక్షత్రాన్ని పట్టుకుంటారు. వంతులు అయిపోయాయి. ఇద్దరూ ఒకేసారి ఆడుతున్నారు. దీన్ని కథ అనకపోతే ఇంకేమంటాం?

గొంతు గురించి ఒక్క మాట. గేముల్లో మారియోకు దశాబ్దాలపాటు చార్లెస్ మార్టినే గొంతు ఇచ్చారు. నాలుగు కేకలు, రెండు సంబరాలు, తొడుగుకు అంతే చాలు. సినిమాలో గంటన్నర మాట్లాడాలి కాబట్టి క్రిస్ ప్రాట్‌ను పెట్టారు, 2021లో ఆ పేరు ప్రకటించగానే పెద్ద గొడవ అయింది. మార్టినేను పక్కకు నెట్టేయకుండా అన్నదమ్ముల తండ్రి గొంతుగా వాడుకోవడం మాత్రం నాకు మర్యాదగా అనిపించింది. పాత గొంతు కొత్త గొంతుకు తండ్రి అయింది.

బదిలీ జరగకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2001లో ‘ఫైనల్ ఫాంటసీ: ద స్పిరిట్స్ వితిన్’ వచ్చింది. ‘ఫైనల్ ఫాంటసీ’ గేముల సృష్టికర్త హిరోనోబు సకగుచియే దర్శకుడు. హొనొలులులో స్టూడియో పెట్టి, అచ్చం మనుషుల్లా ఉండే పాత్రలు చేయాలని కూర్చున్నారు. కథానాయిక ఆకి రాస్ తల మీద సుమారు 60,000 వెంట్రుకలు, దేనికదే కదిలేలా. ఆ రోజుల్లో అంత పని ఊహించడం కూడా కష్టం, అది చేసినవాళ్ల మీద నాకు అపారమైన గౌరవం. కానీ ఆడినవాళ్లు ఎన్నేళ్లుగానో చేత్తో పట్టుకున్నదేదీ అందులో లేదు. ఆ కత్తులు, ఆ మంత్రాలు, ఎక్కి తిరిగే ఆ పక్షులు, ఏవీ లేవు. 2065 నాటి భూమి, కొత్త మనుషులు, కొత్త కథ. బదిలీ చేయడానికి అటువైపు ఏమీ మిగల్చలేదు. దాదాపు 13.7 కోట్ల డాలర్లు ఖర్చయితే 8.5 కోట్లు వచ్చాయి. ఆ స్టూడియో మూతపడింది. అన్ని వేల వెంట్రుకలకూ ఊపు ఉంది, ఆడినవాడి ఊపుకు మాత్రం అక్కడ చోటు దొరకలేదు.

‘యాంగ్రీ బర్డ్స్’ సంగతి వేరు. ఫిన్లాండ్‌కు చెందిన రోవియో 2009లో తెచ్చిన ఆ గేమ్‌లో మన చేతికి ఉన్న పని ఒక్కటే, వడిసెల లాగడం. ఆలోచిస్తే అది అచ్చంగా ఊపే. వేలితో వెనక్కి లాగి, గురి చూసి, బిగువు పెంచి, వదలడం. గేమ్ మొత్తం యాంటిసిపేషన్‌తోనే కట్టారు. 2016 సినిమాలో పక్షులు ఆఖరికి వడిసెల ఎక్కే దాకా ఆ కోపాన్ని ఎర్ర పక్షి రెడ్ గుండెలో పెంచుతూ వచ్చారు. గొప్ప సినిమా అనను, దాని హాస్యం నాకు పెద్దగా అంటలేదు. కానీ బిగువు ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చాలో వాళ్లకు తెలిసింది.

ఇక ‘ఆర్కేన్’, ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే గేమ్ నుంచి 2021లో వచ్చిన సిరీస్. సినిమా కాకపోయినా చెప్పకుండా ఉండలేను. ఆ గేమ్ ఆడినవాళ్లకు వై, జింక్స్ అంటే యుద్ధంలో వాడుకునే ఇద్దరు వీరులు. ఫోర్టిష్ అనే స్టూడియో, అది కూడా ప్యారిస్‌దే, ఆ ఇద్దరి బాల్యంలోకి వెళ్లింది. గేమ్‌లో ఎవరూ ఆడని చోటుకి. అక్కడ ముఖాల మీద రంగు చేత్తో పూసినట్టు ఉంటుంది. ఒక మాట అనబోయి ఆగిపోయే ముందు పెదవి కొస కదలడం కూడా కనపడుతుంది. మాటకు కూడా ఊపు ఉంటుందని ఆ ముఖాలను చూశాక మీకు తెలుస్తుంది.

నేను తెచ్చిన క్లిప్‌లు చూద్దాం. ఈ రెండూ నావే, ఆ మొదటి వారంలో చేసిన గెంతు. ఎడమవైపు ఎనిమిది ఫ్రేముల ఊపుతో ఉన్నది, కుడివైపు ఊపు లేనిది. ముందు చేతులు కట్టుకుని చూడండి. తర్వాత ఈ కంట్రోలర్ ఒకరి తర్వాత ఒకరు తీసుకుని రెండింటినీ ఆడండి. ఆడేటప్పుడు మీ బొటనవేలు ఏం చేస్తోందో గమనించి నాకు చెప్పండి. లైట్లు కొంచెం తగ్గిస్తారా?